పేరు చెప్పగలరు, పని చెప్పలేరు: ఇంగ్లిష్ రాతలో ఒప్పించే యుక్తుల తీరు

క్లుప్తంగా: సిమిలీ (పోలిక), మెటఫర్ (ఒకదాన్ని మరొకటిగానే చెప్పడం), అలిటరేషన్ (ఒకే ధ్వనితో మొదలయ్యే మాటల వరస), హైపర్బొలీ (అతిశయోక్తి) అనే పేర్లను విద్యార్థులు బడి నుంచి డిగ్రీ దాకా చదువుతూనే ఉంటారు. ఆ యుక్తి ఆ వాక్యంలో ఏం పని చేస్తోందని అడిగితే మాత్రం ఆగిపోతారు. పేరు ఇంగ్లిష్‌ది, అర్థం తెలుగు అలంకారానిది కావడంతో కొన్నిచోట్ల లెక్క తప్పుతోంది. ఈ యుక్తుల్లో చాలావరకు ఓరుగల్లు మాటల్లో, నినాదాల్లో, ఫ్లెక్సీల్లో ఉన్నవే. రెండు భాషలూ విడిపోయే చోట్లు కొన్నే ఉన్నాయి, తికమక అంతా అక్కడే.

హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట మీదుగా కాజీపేట దిక్కు పోతుంటే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు వరసగా కనిపిస్తాయి. ‘హండ్రెడ్ పర్సెంట్ సక్సెస్’, ‘కల మీది, బాధ్యత మాది’, ‘ఇంకా ఆలస్యం ఎందుకు?’ అన్న ధోరణిలోనే ఉంటాయి అన్నీ. మొదటిది చూడ్డానికి అతిశయోక్తి. రెండోదాంట్లో ఒకే అచ్చులో పోసిన రెండు ముక్కలు ఎదురెదురుగా నిలబడ్డాయి. మూడోది జవాబు కోసం అడగని ప్రశ్న. ఆ కింది నుంచి బండి మీద వెళ్లే ఇంటర్ విద్యార్థిని క్లాసులో అడిగితే మూడింటికీ ఇంగ్లిష్ పేర్లు చెప్పగలడు. రోడ్డు మీద అతనికి ఆ పేర్లు గుర్తురావు, ఫ్లెక్సీ తన పని తాను చేసుకుపోతుంది.

ఈ ఎడం ఇప్పుడు ముందుకు రావడానికి కారణాలున్నాయి. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. తెలుగులో పాఠం విన్న ఇంటి నుంచి ఇంగ్లిష్‌లో పాఠం రాయాల్సిన తరం వస్తోంది. మరోపక్క వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి పై చదువులకు విదేశాలు వెళ్లేవాళ్లు ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ రాస్తున్నారు. అక్కడ అలంకారాన్ని గుర్తుపట్టమని అడగరు. ఒక అభిప్రాయాన్ని నిలబెట్టమంటారు, రచయిత వైఖరి ఏమిటో పట్టుకోమంటారు. పేరుతో గట్టెక్కే పరీక్ష కాదది.

ఓరుగల్లులో పుట్టిన పాఠ్యపుస్తకం

అలంకారం సాహిత్యానికి సంబంధించింది, ఒప్పించడం ప్రకటనలకూ రాజకీయాలకూ సంబంధించింది అని విడదీసి చెప్పడం ఇంగ్లిష్ పాఠాల్లో మామూలు. ఆ గీత ఎంత పలచనిదో చూపే పుస్తకం ఈ ఊళ్లోనే పుట్టింది. కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడు సుమారు 1289 నుంచి 1323 దాకా ఓరుగల్లు నుంచి పాలించాడు. ఆయన ఆస్థానంలోని విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయం అనే అలంకార శాస్త్ర గ్రంథం రాశాడు. నాయకుడు, కావ్యం, నాటకం, రసం, దోషం, గుణం, ఆ తర్వాత శబ్దాలంకారాలు, అర్థాలంకారాలు, మిశ్రాలంకారాలు, ఇలా 9 ప్రకరణాలు. లక్షణం చెప్పడం, దానికో ఉదాహరణ పద్యం ఇవ్వడం దాని పద్ధతి.

విశేషమంతా ఆ ఉదాహరణల్లో ఉంది. అవి పాత కవుల నుంచి ఏరుకొచ్చినవి కావు. విద్యానాథుడే కట్టాడు, అన్నిటిలోనూ పొగిడింది ప్రతాపరుద్రుడినే. నాటకం ఎలా ఉండాలో చూపడానికి రాజు మీదే ఒక నాటకం రాసి మధ్యలో పెట్టాడు. ఉపమ నేర్చుకునే శిష్యుడు ఉపమతోపాటు రాజు గొప్పతనాన్నీ వల్లెవేస్తాడు. పాఠ్యపుస్తకం, ప్రచార పత్రం ఒకే కట్టలో ఉన్నాయన్నమాట. పనిముట్టు ఒకటే, దాన్ని ఎవరు ఎందుకు పట్టుకున్నారన్నదే తేడా. ఇంగ్లిష్ రాతను చదవడానికీ ఈ చూపే అక్కరకు వస్తుంది.

పోలిక: ‘లెక్క’ (లాగా) ఉన్నంత మాత్రాన ఉపమ కాదు

సిమిలీని ఉపమ అని, మెటఫర్‌ను రూపకం అని చెప్పుకోవడంలో పెద్ద తప్పేమీ లేదు. ఉపమకు నాలుగు అంగాలని తెలుగు విద్యార్థి చదువుకునే ఉంటాడు: ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెండింటికీ ఉమ్మడి గుణం), ఉపమావాచకం (పోలికను చెప్పే మాట). ఇంగ్లిష్ విమర్శలో ఉపమేయాన్ని టెనర్, ఉపమానాన్ని వెహికిల్ అంటారు. ఈ జంట పేర్లను ఇంగ్లిష్ విమర్శకుడు ఐ.ఎ.రిచర్డ్స్ 1936లో ప్రవేశపెట్టాడు. తెలుగు, సంస్కృత పాఠంలో అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఆ విభజన ఉంది. ఈ ఒక్క విషయంలో తెలుగు మీడియం పిల్లవాడే రెండడుగులు ముందున్నాడు.

చిక్కు గుర్తుల దగ్గర వస్తుంది. ‘లైక్’, ‘యాజ్’ కనిపిస్తే సిమిలీ అని గైడ్లు నేర్పుతాయి. ‘షీ లుక్స్ లైక్ హర్ మదర్’ అన్న వాక్యంలో లైక్ ఉంది, సిమిలీ లేదు. ‘ఆమె వాళ్లమ్మ లెక్కనే ఉంటది’ అంటే అది ఉన్న సంగతి చెప్పడమే. ‘పులి లెక్క ఉరికిండు’ అన్నప్పుడు మనిషికీ పులికీ జాతి వేరు, ఆ దూరాన్ని దాటించేది పోలిక. జాతి ఒకటే అయితే ‘లెక్క’ ఉన్నా ఉపమ కాదు. ‘యాజ్ ఎ టీచర్’ అన్నచోట యాజ్‌కు ‘హోదాలో’ అని అర్థం, దానికీ పోలికకూ సంబంధం లేదు. ఇంకో మూల ఉత్ప్రేక్ష ఉంది. ఆ చీకటి కాటుక కురుస్తోందా అన్నట్టుంది అనే తరహా ఊహకు తెలుగులో వేరే పేరు ఉంటే, ఇంగ్లిష్ బడి పాఠంలో దానికి వేరే గది లేదు. సిమిలీలోనో మెటఫర్‌లోనో సర్దుకోవాల్సిందే.

రూపకం సంగతి ఇంతకంటే లోతైంది. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక వాదన చేశారు: రూపకం కవుల అలంకరణ మాత్రమే కాదు, రోజువారీ ఆలోచన దాని మీదే నడుస్తుంది. వాళ్ల ప్రసిద్ధ ఉదాహరణ కాలమే డబ్బు అన్నది. ఇంగ్లిష్‌లో టైమ్‌ను స్పెండ్ చేస్తారు, సేవ్ చేస్తారు, ఇన్వెస్ట్ చేస్తారు. తెలుగులో పొద్దు పొడుస్తది, పొద్దు గూకుతది, కాలం గడుస్తది. మన మాటల్లో కాలం నడిచి వెళ్లిపోయే మనిషి, జేబులో పెట్టుకునే రూపాయి కాదు. ‘టైమ్ వేస్ట్’ అన్న మాటతోపాటు ఆ రూపాయి లెక్కా మన నోట్లోకి వచ్చేసింది.

రూపకం ఒప్పించేది ఇక్కడే. అది వాదించదు, ముందే ఒక సంగతిని ఒప్పుకున్నట్టు పెట్టేస్తుంది. ఓరుగల్లు చుట్టుపక్కల పత్తి రైతుకు గులాబీ రంగు పురుగు తెలుసు. ఇంగ్లిష్ నివేదిక దాన్ని ‘ఇన్వేడర్’ అంటే, అది దండెత్తి వచ్చిన శత్రువు. శత్రువుకు జవాబు ఆయుధం, అంటే మందు కొట్టడం. అదే నివేదిక ‘ఇంబ్యాలెన్స్’ అంటే తూకం తప్పింది, సరిచేయాలి. ఆలోచన పంట మార్పిడి దాకా, పత్తి కట్టెను చేనులో ఉంచకుండా తీసేయడం దాకా పోతుంది. పురుగు ఒకటే. పేరు మారగానే పరిష్కారం మారింది, మధ్యలో ఎవరూ కారణం చెప్పలేదు. పరీక్షలో ‘ఇన్వేడర్ ఈజ్ ఎ మెటఫర్’ అని రాసి ఆపిన విద్యార్థికి సగం మార్కులే ఎందుకొస్తాయంటే, అసలు కథ ఆ తర్వాతే ఉంది కాబట్టి.

అలిటరేషన్ యతీ కాదు, ప్రాసా కాదు

తెలుగు ఛందస్సు చదివినవాళ్లు అలిటరేషన్ అనగానే యతి అనుకుంటారు, లేదంటే ప్రాస. రెండూ పూర్తిగా సరిపోవు. యతి అంటే పాదం మొదటి అక్షరంతో జతకలిసే అక్షరం, అది పాదంలో నిర్ణీత స్థానంలో పడాలి, ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం. ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావడం. నేటి ఇంగ్లిష్ అలిటరేషన్‌కు అలాంటి చోటు లేదు, దగ్గర దగ్గర పదాలు ఒకే హల్లుతో మొదలైతే చాలు. మన లెక్కల్లో అది ఒకే హల్లును మళ్లీ మళ్లీ వాడే వృత్త్యనుప్రాసకు చుట్టం. అయితే వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్ పద్యానికి అలిటరేషన్ అలంకారం కాదు, నియమం. పాదం మధ్యలో విరుపు, ఆ విరుపుకు ఇటూ అటూ ఒకే ధ్వని పడాలి. యతిని తెలిసినవాడికి అది వెంటనే పరిచయమైన ఇల్లులా ఉంటుంది. అచ్చుల దగ్గర మాత్రం వాళ్లు మనకంటే ఉదారులు, అక్కడ ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా సరిపోతుంది.

అలిటరేషన్ ధ్వనికి సంబంధించింది, స్పెల్లింగ్‌కు కాదు. ఇంగ్లిష్ లిపిలో చూసేవాడు ‘సిటీ’, ‘క్యాట్’ ఒకే అక్షరంతో మొదలయ్యాయి కాబట్టి అలిటరేషన్ అనుకుంటాడు. ‘కిచెన్’, ‘క్యాట్’ వేర్వేరు అక్షరాలు కాబట్టి కాదనుకుంటాడు. రెండూ తప్పే. తెలుగు లిపిలో రాసి చూస్తే సందేహం తీరిపోతుంది, స-క ఒకటి కాదు, క-క ఒకటే. ‘నైఫ్’ అన్న మాట నకారంతో మొదలవుతుందని చెప్పడానికి తెలుగు లిపి చాలు.

ధ్వని ఎందుకు ఒప్పిస్తుంది? నోటికి సులువైంది మనసుకూ నమ్మదగినదిగా తోస్తుందని 2000లో మాథ్యూ మెక్‌గ్లోన్, జెస్సికా తోఫిగ్‌బక్ష్ ప్రచురించిన పరిశోధన చూపించింది. జనానికి అంతగా తెలియని ఇంగ్లిష్ సామెతలను అంత్యప్రాసతో ఒకసారి, అదే అర్థం ఉంచి ప్రాస తీసేసి ఒకసారి ఇచ్చారు. ‘వోస్ యునైట్ ఫోస్’, కష్టాలు శత్రువులను కలుపుతాయని. ఫోస్ తీసి ఎనిమీస్ పెడితే అర్థం చెక్కుచెదరదు. అయినా ప్రాస ఉన్నవాటినే పాఠకులు ఎక్కువ నిజమని అనుకున్నారు. మాటల సొగసునూ విషయాన్నీ వేరుచేసి చూడమని ముందే హెచ్చరించినప్పుడు ఆ మొగ్గు తగ్గింది. హెచ్చరిక పనిచేసిందన్న ఈ రెండో సగాన్ని చాలామంది చెప్పడం మర్చిపోతారు.

మూడు మాటల మంత్రం

మూడేసి చొప్పున చెప్పడాన్ని ఇంగ్లిష్ వాళ్లు ట్రైకోలన్ అంటారు. 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ ‘ఆఫ్ ద పీపుల్, బై ద పీపుల్, ఫర్ ద పీపుల్’ అన్నది అందరూ చూపే ఉదాహరణ. అంత దూరం పోనక్కర్లేదు. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న తెలంగాణ ఉద్యమ నినాదాన్ని ఈ కొలతలతో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మూడు మాటలు, మూడూ నకారంతోనే మొదలు, ఆ నకారానికి గుడో గుడిదీర్ఘమో ఉంది. అంటే అలిటరేషన్‌తోపాటు యతిమైత్రి కూడా కుదిరింది. మొదటి మాటకు 2 అక్షరాలు, రెండోదానికి 3, మూడోదానికి 5. పోనుపోను పొడవు పెరిగే వరసను ఇంగ్లిష్ అలంకార శాస్త్రం ఆరోహణ ట్రైకోలన్ అని ప్రత్యేకంగా మెచ్చుకుంటుంది. విషయపరంగా కూడా రైతు నుంచి ఖజానాకు, ఖజానా నుంచి చదువుకున్న కుర్రాడికి పోతుంది వరస. తిరగేసి ‘నియామకాలు, నిధులు, నీళ్లు’ అని చూడండి, ఊపు పోతుంది.

మళ్లీ మళ్లీ చెప్పడంలో రెండు భాషల నడక వేరు. ఇంగ్లిష్ వాక్యంలో కర్త, క్రియ ముందే వస్తాయి. అందుకే ప్రతి వాక్యాన్నీ ఒకే మాటలతో మొదలుపెట్టే అనాఫొరా అక్కడ బలంగా మోగుతుంది. 1940 జూన్ 4న బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్ ‘వి షల్ ఫైట్’ అని పదే పదే మొదలుపెట్టింది, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ‘ఐ హ్యావ్ ఎ డ్రీమ్’ అన్నది ఇందుకే గుర్తుండిపోయాయి. తెలుగులో క్రియ చివర ఉంటుంది, కాబట్టి ఆవృత్తి సహజంగా వాక్యం తోకన పడుతుంది: ఇది కావాలె, అది కావాలె, ఇప్పుడే కావాలె. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల వ్యాసాల్లో ఈ తేడా కనిపిస్తుంది. బరువైన మాటను చివరికి దాచుకుంటారు, ఇంగ్లిష్ వ్యాకరణం దాన్ని ముందే లాగేసుకుంటుంది.

అడగని ప్రశ్న

రెటారికల్ క్వశ్చన్‌కు, అంటే జవాబు కోసం అడగని ప్రశ్నకు, వరంగల్ పక్కనే గట్టి ఉదాహరణ ఉంది. బమ్మెర పోతన ప్రహ్లాద చరిత్రలో ఒక సీసపద్యం ప్రతి పాదాన్నీ ప్రశ్నగానే కట్టింది. మందార మకరందం రుచి మరిగిన తుమ్మెద ఉమ్మెత్తకు పోతుందా, ఆకాశగంగ అలల మీద ఊగే రాయంచ వాగులకు పోతుందా, ఇలా. జవాబు ‘పోదు’ అని వినేవాడే లోపల చెప్పుకుంటాడు. కీలకం అదే. ఎదుటివాడు చెప్పిన మాటను కాదనడం తేలిక, తన నోటితో తానే అన్న మాటను కాదనడం కష్టం.

వార్తల్లో ప్రశ్న పాత్ర వేరు. ‘ఫలానా మందు ప్రమాదకరమా?’ అని శీర్షిక పెడితే ఆరోపణ చేసినట్టూ ఉంటుంది, చేయనట్టూ ఉంటుంది. ప్రశ్నార్థకంతో ముగిసే శీర్షికకు ‘కాదు’ అని జవాబు చెప్పొచ్చని 2009లో ఇయాన్ బెటరిడ్జ్ అనే బ్రిటిష్ జర్నలిస్టు అన్న మాట అందుకే నానుడిగా మారింది. తెలుగు చానళ్ల స్క్రోలింగులకు ఈ సూత్రం ఎంత బాగా సరిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కర్త మాయమయ్యే వాక్యం

అన్నిటికంటే తక్కువ అర్థమైందీ, ఎక్కువ పనిచేసేదీ ప్యాసివ్ వాయిస్, అంటే కర్మణి వాక్యం. బడిలో ఇది అలంకారాల పాఠంలో ఉండదు, గ్రామర్‌లో ఉంటుంది. ‘చేంజ్ ద వాయిస్’ అని ప్రశ్న, వాక్యాన్ని తిరగేస్తే మార్కు. ఈ అభ్యాసం ఒక తప్పుడు పాఠాన్ని కూడా చెప్పకుండానే నేర్పుతుంది: రెండు వాక్యాలకూ అర్థం ఒకటేనని. ‘వి మేడ్ మిస్టేక్స్’, ‘మిస్టేక్స్ వర్ మేడ్’ అన్న రెండింటినీ పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. రెండోదాంట్లో తప్పులున్నాయి, చేసినవాడు లేడు. వ్యాకరణం అతన్ని చెప్పమని బలవంతపెట్టదు.

తెలుగులో దీన్ని ‘తప్పులు చేయబడినవి’ అని అనువదించి, ఇలా ఎవరూ మాట్లాడరు కాబట్టి మనకు ప్యాసివ్ లేదని చాలామంది తేల్చేస్తారు. ‘బడు’ వాడుకలో లేని మాట నిజమే. కర్తను దాచే పని మాత్రం తెలుగు నిక్షేపంగా చేస్తుంది, వేరే దారిన. అద్దం పలిగింది, అద్దం పలగ్గొట్టిండు. మొదటిదాంట్లో అద్దం తనంతట తానే పలిగినట్టుంది. ఇంట్లో పిల్లలందరికీ ఈ వాక్యం బాగా తెలుసు. ‘పొరపాటు జరిగింది’ అన్నదే మన ‘మిస్టేక్స్ వర్ మేడ్’. పత్రికల తెలుగులో ఇంకో దారి కూడా ఉంది, ‘గురికావడం’. మిడ్ మానేరు లాంటి జలాశయం గురించి రాస్తూ ‘ఊళ్లు మునిగాయి’ అనొచ్చు, ‘ఊళ్లు ముంపునకు గురయ్యాయి’ అనొచ్చు, ‘ఊళ్లను ముంచారు’ అనొచ్చు. మొదటిదాంట్లో కారణం నీళ్లు. రెండోదాంట్లో కారణం ఎక్కడో ఉంది. మూడోదాంట్లో మనుషులున్నారు, వాళ్లొక నిర్ణయం తీసుకున్నారు. మూడూ వ్యాకరణం ప్రకారం సరైనవే, మూడూ నిజమే కావొచ్చు. ఏది ఎంచుకున్నారన్నది రాసినవాళ్లు నిలబడ్డ చోటును చెబుతుంది.

ఇంగ్లిష్‌లో దీనికి ఇంకో మెట్టు ఉంది. క్రియను నామవాచకంగా మార్చడం, దీన్ని నామినలైజేషన్ అంటారు. ‘దే ఫైర్డ్ వర్కర్స్’ కాస్తా ‘వర్క్‌ఫోర్స్ రిడక్షన్’ అవుతుంది. కాలం పోయింది, కర్త పోయాడు, చివరికి జరిగిన పని కూడా ఒక వస్తువైపోయింది. వస్తువును ఎవరూ నిలదీయరు. తెలుగులో సర్కారు పత్రాల ‘స్థిరీకరణ’, ‘క్రమబద్ధీకరణ’ వంటి మాటలు ఇదే కుదురు నుంచి వచ్చినవి.

అయితే ప్యాసివ్ కనిపించిన ప్రతిచోటా కుట్ర వెతకడం కూడా తప్పే. ప్రయోగశాల రికార్డులో ‘ద సొల్యూషన్ వాజ్ హీటెడ్’ అని రాస్తారు, వేడి చేసింది ఎవరన్నది అక్కడ అనవసరం. రాత్రి బండి పోయినవాడు ‘మై బైక్ వాజ్ స్టోలెన్’ అంటాడు, దొంగ ఎవరో అతనికి తెలియదు. కర్త తెలిసి, అవసరమై, అయినా లేకపోతేనే అనుమానించాలి.

మెత్తటి మాటలు, రెండు రకాలు

యూఫెమిజమ్‌ను బడిలో ‘కఠినమైన విషయాన్ని మెత్తగా చెప్పడం’ అని నేర్పి వదిలేస్తారు. తెలుగు ఇళ్లలో ఇది అడుగడుగునా ఉంది. బియ్యం అయిపోతే ‘నిండుకున్నయి’ అంటారు, దీపం ఆరితే ‘కొండెక్కింది’. ఇంటి నుంచి కదిలేవాడు పోతున్న అనడు, ‘పోయొస్త’ అంటాడు. ఊళ్లలో పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. పొక్కులు లేస్తే అమ్మవారు పోసినట్టే. వీటి వెనక ఉన్నది భయం, శుభాశుభాల పట్టింపు. వినేవాడికి నిజం పూర్తిగా తెలుసు, దాచడమన్నది లేదు. ‘నిండుకున్నయి’ అని విన్నవాళ్లు సంచి పట్టుకుని షాపుకే పోతారు.

కార్పొరేట్, సైనిక ఇంగ్లిష్‌లోని మెత్తటి మాట గుణం వేరు. ‘డౌన్‌సైజింగ్’ అంటే ఉద్యోగాలు తీసేయడం. ‘కొలాటరల్ డ్యామేజ్’ అంటే చంపాలనుకోని పౌరులు చచ్చిపోవడం. ఇక్కడ మాట మెత్తబడింది వినేవాడి బాధ తగ్గించడానికి కాదు, చెప్పేవాడి బాధ్యత తగ్గించడానికి. రెండింటికీ ఇంగ్లిష్ పాఠంలో ఒకటే పేరు ఉండటం వల్ల ఈ తేడా కనిపించకుండా పోతోంది. ఎవరిని కాపాడుతోందన్న ఒక్క ప్రశ్నతో రెండూ విడిపోతాయి.

అతిశయోక్తికీ అబద్ధానికీ మధ్య

రామగుండంలో మే నెలలో ఎండ నిప్పులు చెరిగిందని పత్రిక రాస్తే అగ్నిమాపక శాఖకు ఎవరూ ఫోన్ చేయరు. జరగడానికి వీల్లేనిది చెప్పడమే అతిశయోక్తి లక్షణం, వినేవాడికి ఆ సంగతి తెలుసన్న ఒప్పందం మీదే అది నిలబడుతుంది. ‘హండ్రెడ్ పర్సెంట్ సక్సెస్’కు ఆ రక్షణ లేదు. ఎందుకంటే అది జరగడానికి వీలున్న విషయమే. వీలున్నదాన్ని పెంచి చెబితే అలంకారం కాదు, తప్పుడు సమాచారం.

ప్రకటనల నియంత్రణ కూడా ఇదే గీత గీసింది. 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి, నవ్వించడానికో కంటికి ఆనడానికో చేసినట్టు స్పష్టంగా తెలిసే అతిశయోక్తులను అనుమతిస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ఆ సంస్థే 2024 నవంబరులో కోచింగ్ రంగానికి ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. సెలక్షన్ గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ వంటి తప్పుడు హామీలు కుదరవు. ర్యాంకు వచ్చినవాళ్ల ఫొటో వేయాలంటే ఫలితం వచ్చాక వాళ్ల రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఏ కోర్సు, ఎంతకాలం, ఫీజు కట్టి చదివారా అన్న వివరాలు చెప్పాలి. నక్షత్రం గుర్తు పెట్టి కింద చీమతలకాయంత అక్షరాల్లో రాసే షరతు కూడా అసలు ప్రకటన అక్షరాలంత ఉండాలి.

ఈ నియమాలను భాషా పాఠంగా చదివితే ఒక విషయం తెలుస్తుంది. ఫ్లెక్సీ మీద ర్యాంకర్ ఫొటో, పేరు, మార్కులు అన్నీ నిజమే కావొచ్చు. ఆ విద్యార్థి తీసుకున్నది ఉచిత ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమేనన్న మాట లేకపోతే, నిజాలన్నీ కలిసి ఒక అబద్ధం చెబుతాయి. చెప్పకపోవడం కూడా ఒక యుక్తి, బడిలో నేర్పే అలంకారాల జాబితాలో దానికి చోటు లేదు.

పరీక్ష ఏం అడుగుతోంది

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ ఒప్పించే దారులు మూడన్నాడు. చెప్పేవాడి మీద నమ్మకం, ఈథోస్. వినేవాడి మనసు, పేథోస్. వాదంలోని తర్కం, లోగోస్. కోచింగ్ ఫ్లెక్సీని ఈ మూడింటితో విప్పొచ్చు: డైరెక్టర్ ఫొటో కింద డిగ్రీల వరస మొదటిది, తల్లి కళ్లలో నీళ్లు రెండోది, ర్యాంకుల అంకెలు మూడోది. తూకం చూస్తే మూడోది ఎక్కువున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆ అంకెలు కూడా తండ్రి ఆశ మీదే పనిచేస్తాయి.

ఐఈఎల్‌టీఎస్ రెండో రాత ప్రశ్నకు 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. దిద్దేవారు చూసేవి నాలుగు: అడిగినదానికి జవాబిచ్చారా, మాటల వరస అతికిందా, పదసంపద, వ్యాకరణం. నాలుగింటికీ సమాన బరువు. అలంకారాలకు విడిగా మార్కుల్లేవు. కాబట్టి ప్రతి పేరాలో ఒక సామెత, ఒక రెటారికల్ ప్రశ్న ఇరికించమనే సలహా నష్టమే చేస్తుంది. జీఆర్‌ఈలో 2023 సెప్టెంబరు దాకా రెండు వ్యాసాలుండేవి. ఎదుటివారి వాదంలో లోపాలు పట్టుకునే రెండోదాన్ని తీసేశారు. ఇప్పుడు సొంత అభిప్రాయం నిలబెట్టే ఒక్క వ్యాసమే, 30 నిమిషాలు. ఇతరుల యుక్తులను విప్పే అభ్యాసం ఆ మేరకు శిక్షణ తరగతుల నుంచి జారిపోయే అవకాశం ఉంది. అది కావాల్సింది మాత్రం పరీక్షకంటే ముందు, కాలేజీ బ్రోషర్లు చదివేటప్పుడే.

అలాంటి బ్రోషర్‌లో ఉండదగ్గ రెండు వాక్యాలు ఊహించుకుందాం: ‘ఎవ్రీ గ్రేట్ జర్నీ బిగిన్స్ విత్ వన్ స్టెప్. టేక్ ఇట్ విత్ అస్.’ మెటఫర్ ఉందని రాస్తే తప్పు కాదు, చదువు ప్రయాణమైంది. కానీ పని చేస్తున్నది అది ఒక్కటే కాదు. మొదటి వాక్యం సామెతలాంటిది, ఎవరూ కాదనరు, చదివేవాడు తలాడిస్తాడు. రెండో వాక్యంలోని ‘ఇట్’ ఆ తలాడింపును పట్టుకుని లోకసత్యంలోని అడుగును అడ్మిషన్ ఫారంగా మార్చేస్తుంది. మధ్యలో ‘ఈ కాలేజీయే ఎందుకు’ అన్న మెట్టు ఉండాలి, అది లేదు. ‘అస్’ అన్న మాటలో ఎవరున్నారో చెప్పలేదు. ఫీజు అనే మాట కూడా ఆ పేజీలో ఎక్కడా ఉండదు. సాధారణంగా అది చివరి పేజీలో, పట్టికలో, ‘ఫీ విల్ బి కలెక్టెడ్’ అని ప్యాసివ్‌లో ఉంటుంది.